మొర వినే చోట శాంతి: దుమ్ముగూడెం చరిత్ర యువతకు చెప్పే పాఠం

శాంతి విద్య అనగానే మనలో చాలామందికి ప్రార్థన, మౌనం, నీతిపద్యాలు, కోపం తగదన్న హితబోధ స్ఫురిస్తాయి. యువతలో నేరాలు, ఆత్మహత్యలు పెరుగుతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా బడిలో మరొక నీతి పాఠం చేర్చాలన్న సూచన వినిపిస్తుంది. ఆ సూచనలో సదుద్దేశమే ఉన్నది. అయితే రోగమేమిటో తెలియకుండా మందు రాయడం వైద్యంలో తప్పు. యువకుడు ఎదుటివానిపై చేయి ఎత్తడానికైనా, తన ప్రాణం తాను తీసుకోవాలనుకోవడానికైనా ముందు అతని జీవితంలో ఏమి జరుగుతున్నదో తెలుసుకొనక తప్పదు. అందుకు ఈ వ్యాసంలో ఒక ప్రాంతపు చరిత్రను రోగచరిత్రవలె పరిశీలిద్దాము. ఆ ప్రాంతం గోదావరి ఎడమ ఒడ్డున, భద్రాచలానికి ఎగువన, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులను ఆనుకొని ఉన్న దుమ్ముగూడెం.

దుమ్ముగూడెం పేరు చెప్పగానే చాలామందికి పర్ణశాల గుర్తుకు వస్తుంది. సీతారాములు వనవాసంలో కుటీరం కట్టుకొని ప్రశాంతంగా గడిపిన చోటు అదేనని భక్తుల విశ్వాసం. ఆ కథలో కూడా ప్రశాంతత ఎక్కువ కాలం నిలవలేదు. చరిత్రలో ఈ అడవి సీమ శాంతిని చూసిన కాలం కన్న దాని కొరకు ఎదురుచూసిన కాలమే ఎక్కువ.

ఆనకట్ట, జ్వరం, బడి

పంతొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ఆర్థర్ కాటన్ ఆలోచనల ప్రేరణతో ఎగువ గోదావరిని నౌకాయాన మార్గంగా మార్చాలన్న ప్రయత్నం జరిగినది. నాగపురం వైపు పండే ప్రత్తిని పడవలలో సముద్రతీరానికి చేర్చడం దాని ముఖ్యోద్దేశం. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు ఉండేవి. మొదటి అడ్డంకి దుమ్ముగూడెం వద్దనే ఉన్నది. అక్కడ ఆనకట్ట, పడవల కాలువ, లాకులు కట్టించిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. కూలీలను, అధికారులను మన్యపు జ్వరం, అనగా నేడు మనం మలేరియా అని పిలిచే వ్యాధి, పీడించినది. విపరీతమైన ఖర్చు పెరగడంతో 1871లో ఆ పథకాన్ని ప్రభుత్వం విడిచిపెట్టినది. పడవలు పోయినా ఆనకట్ట మిగిలినది.

ఆ నిర్మాణం వెంబడి మరొకటి కూడా ఆ ఊరికి వచ్చినది. హేగ్ ప్రోత్సాహంతో చర్చి మిషనరీ సొసైటీ వారు కోయల మధ్య పని ఆరంభించారు. ఆయన కార్యాలయంలో సరుకుల విభాగాన్ని చూసిన వెంకటరామరాజు క్రైస్తవం స్వీకరించి ఆ పనిలో ముందు నిలిచారు. 1870లలో వచ్చిన జాన్ కెయిన్ అనే మిషనరీ కోయభాష నేర్చుకొని, సువార్తలను ఆ భాషలోకి తెచ్చి, భద్రాచలం, రేకపల్లి తాలూకాల ప్రజల ఆచారాలను గురించి 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికలో వ్యాసాలు ప్రకటించారు. మిషన్ స్త్రీలు నేర్పిన లేసు అల్లకం దుమ్ముగూడెం పేరును దూరదేశాలకు తీసుకుపోయినది.

మిషనరీల మతోద్దేశాన్ని ఎవరు ఎట్లా చూసినా, ఒక సంగతి గమనింపదగినది. బయటినుంచి వచ్చిన వారిలో కోయవాని మాట కోయభాషలో వినడానికి పూనుకొన్నవారు బహు కొద్దిమంది. పన్ను వసూలుకు వచ్చినవారికి, అప్పు ఇచ్చినవారికి, కోర్టు కాగితం తెచ్చినవారికి ఆ అవసరం తోచలేదు. ఆ లోపం ఎంత ప్రమాదకరమో కొద్ది సంవత్సరాలలోనే తెలిసివచ్చినది.

1879: ఎవరూ వినని ఫిర్యాదు

1874 వరకు భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం వాటిని మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. పటం మీద గీత మారినప్పుడు అడవిలోని మనిషి బ్రతుకు కూడా మారినది. అంతకుముందు పోడు వ్యవసాయానికి గొడ్డలికి నాలుగు అణాలు చెల్లిస్తే సరిపోయేది. మద్రాసు ప్రభుత్వం దానిని దాదాపు మూడింతలు చేసినది. కొన్ని అడవి భాగాలలో పోడు కొట్టరాదన్నది.

పొరుగున రంప ప్రాంతంలో పరిస్థితి మరింత దారుణం. అక్కడి మన్సబుదారు ఇష్టం వచ్చినట్లు పన్నులు వేసేవాడు. ఇంటి అవసరానికి చెట్టునుంచి కల్లు గీసుకొనడం కొండవారికి తరతరాల అలవాటు. కొత్త ఆబ్కారీ నిబంధనలతో అదికూడా నేరమయినది. చిగురుపన్ను పేరుతో ఉన్న కల్లు పన్ను భారం పెరిగినది. మైదానపు వర్తకులు అప్పు పత్రాలు రాయించుకొని, దూరాన ఉన్న కోర్టులలో ఏకపక్షంగా డిక్రీలు పొంది, పశువులను, ధాన్యాన్ని జప్తు చేయించేవారు. కోర్టు ఎక్కడున్నదో, అందులో ఏ భాష మాట్లాడతారో కొండవానికి తెలియదు. పోలీసుల లంచాలు సరేసరి.

1879 మార్చిలో రంప పితూరీ రగిలినది. కొద్ది నెలలలో అది రేకపల్లి సీమకు పాకినది.  పోలీసు ఠాణాలు తగులబడ్డాయి. సైన్యం దిగినది. 1880 వరకు ఆ అడవులు కుదుటపడలేదు. తరువాత ప్రభుత్వం జరిపిన విచారణలో పైన చెప్పిన కారణాలన్నీ వరుసగా బయటకు వచ్చాయి. మన్సబుదారును తొలగించి, ముఠాదారులతో ప్రభుత్వం నేరుగా ఒప్పందం చేసుకొన్నది.

వైద్యుని దృష్టితో చూస్తే ఇందులో ఒక విషాదం కనిపిస్తుంది. విచారణాధికారి తిరుగుబాటు తరువాత రాసుకొన్న ప్రతి ఫిర్యాదు తిరుగుబాటుకు ముందు కూడా ఉన్నది. అప్పుడు దానిని రాసుకొన్నవారు లేరు. వినడానికి ఇంతమంది చనిపోవలసి వచ్చినది.

1922: గొడ్డలికి ముందు పంచాయతీ

అల్లూరి సీతారామరాజు పేరు వినగానే మన మనసులో విల్లంబులు ధరించిన విప్లవవీరుని రూపం నిలుస్తుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై జరిగిన దాడులు, 1924 మే నెలలో ఆయన మరణం అందరికీ తెలిసినవే. పాతికేళ్ళ వయస్సులో ఆ యువకుడు ఆయుధం పట్టడానికి ముందు ఏమి బోధించాడో మాత్రం అంతగా చెప్పుకోము. మద్యం మానండి, తగవులను కోర్టులకు తీసుకుపోకుండా మీ పంచాయతీలలోనే తీర్చుకోండి అని సహాయ నిరాకరణోద్యమ కాలంలో ఆయన గూడెం కొండలలో తిరిగి చెప్పాడు. నాటి ప్రభుత్వ నివేదికలలోనే ఈ సంగతి ఉన్నది.

శాంతి విద్య అనే పేరు ఆయన వాడి ఉండకపోవచ్చు. చేసినది అదే. మత్తు తగ్గితే తగవు తగ్గుతుంది. తగవు ఊరిలోనే తీరితే అప్పు, కోర్టు ఖర్చు, పగ తగ్గుతాయి. కాని అదే సమయంలో గూడెం ప్రాంతంలో రోడ్డు పనులకు కొండవారిని చాలీచాలని కూలికి, బలవంతంగా పనిచేయించిన అధికారి ఉన్నాడు. పోడు మీద నిషేధం ఉన్నది. ఒక చెవిలో శాంతిబోధ, ఒక వీపు మీద కొరడా ఉన్నప్పుడు బోధ ఎంతకాలం నిలుస్తుంది? న్యాయం తోడు లేని శాంతి బోధ ఎక్కడ ఆగిపోతుందో చూపడానికి మన్యం చరిత్రలో ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ లేదు.

జోడేఘాట్ తరువాత మార్లవాయి

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా మన తెలంగాణలోనే ఉన్నది. అందుకు గోదావరికి ఎగువన ఆదిలాబాదు అడవులకు వెళ్ళాలి. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీం, ఆయన అనుచరులు నిజాం పోలీసుల కాల్పులలో నేలకొరిగారు. ఆ తరువాత అశాంతికి కారణమేమిటో తెలుసుకొనడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ సహాయం తీసుకొన్నది. ఆయన భార్య బెట్టీతో కలిసి గోండుల నడుమ మార్లవాయిలో నివసించి, వారి భాషలో వారి మొర విన్నారు.

ఆయన సూచనల ఫలితంగా రెండు పనులు ఒకేసారి సాగాయి. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలయినది. పాఠాలు గోండీలోనే ఆరంభమయ్యాయి. మరొకవైపు సాగుచేసుకొంటున్న భూములకు పట్టాలు ఇచ్చారు. ఆ దశాబ్దంలో గిరిజనులకు దక్కిన భూమి లక్ష ఎకరాలకు మించినది. నిన్న బరిసె పట్టిన ఊరి యువకుడు నేడు పలక పట్టి పాఠం చెప్పగలిగాడంటే, చదువు ఒక్కటే కారణం కాదు. తన పొలం తనదేనన్న ధైర్యం కూడా వచ్చినది. బెట్టీ సమాధి నేటికీ మార్లవాయిలో ఉన్నది. అక్కడివారు ఆ దంపతులను తమవారిగానే తలచుకుంటారు.

దూబగుంట: ఒక వయోజన పాఠం

చదువు హింసను ఎట్లా తగ్గిస్తుందో చూపే మరొక ఘట్టం తెలుగు నేలమీద తీరప్రాంతంలో జరిగినది. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగినది. సారా వలన చితికిన కుటుంబం గురించి వయోజన వాచకంలో ఉన్న పాఠాన్ని రాత్రిబడులలో స్త్రీలు చదివారు. చదివి, తమ ఇళ్ళ సంగతి మాట్లాడుకొన్నారు. దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు 1992లో సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతటా వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. మద్య నిషేధం 1997లో సడలిపోయినది.

చట్టం నిలవకపోయినా పాఠం నిలిచినది. ఒక వాచకం ఇంతమందిని కదిలించడానికి కారణం అది నీతి చెప్పినందుకు కాదు. పదిమంది కూర్చొని తమ బాధను తమ మాటలలో చెప్పుకొనే వీలు కల్పించినందుకు. మత్తుపానీయానికి, గృహహింసకు, ఆత్మహత్యకు ఉన్న సంబంధం వైద్యశాస్త్రం నిరూపించినది. ఆ స్త్రీలు దానిని పరిశోధనాపత్రాలు చదవకుండానే గ్రహించారు.

2005 నుంచి: తుపాకీ చేతికి ఇచ్చిన చదువు

తిరిగి దుమ్ముగూడెం సరిహద్దుకు వద్దాము. ఈ అడవులలో కొన్ని దశాబ్దాలుగా మావోయిస్టులకు, ప్రభుత్వ బలగాలకు మధ్య పోరు నడిచినది. ఉభయపక్షాలతో మాట్లాడి హింసను తగ్గించాలని ఎస్.ఆర్. శంకరన్ సారథ్యంలో 1997లో పౌర స్పందన వేదిక పనిచేయసాగినది. ఈ శంకరన్ గారు 1987లో తూర్పు గోదావరి మన్యంలో నక్సలైట్లు బంధించిన అధికారులలో ఒకరు. బందీగా ఉండి వచ్చిన మనిషి పగ పెంచుకొనక, మాటల దారి వెదకడమే శాంతి విద్యకు సజీవ పాఠం. ఆ కృషి 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చల వరకు వెళ్ళినది. చర్చలు ఫలించలేదు.

2005లో సరిహద్దుకు ఆవల సల్వాజుడుం మొదలయినది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేలాదిగా ఆదివాసులు ప్రాణభయంతో సరిహద్దు దాటి నాటి ఖమ్మం జిల్లా అడవులలో గుడిసెలు వేసుకొన్నారు. గుత్తికోయలని మనం పిలుస్తున్నది వారినే. ఆ పిల్లలకు ఇటు రేషను కార్డు లేదు, అటు ఊరు లేదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులన్న పేరుతో, నెలకు 3000 రూపాయల గౌరవవేతనంపై, తుపాకీలిచ్చి పోరాటంలో ముందుకు తోశారు. ఐదవ తరగతి చదివి ఉంటే చాలన్నారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. అల్పవిద్య, పేదరికం గల యువకులను ఆ పనికి పెట్టడం వారి సమానత్వపు హక్కును, జీవించే హక్కును కాలరాయడమేనన్నది. అవతలి పక్షంవారు కూడా పిల్లలను, యువతను దళాలలో చేర్చుకొన్నారు. ఏ వైపు నిలిచినా, ఇరవై ఏళ్ళవానికి నేర్పినది లక్ష్యం చూసి కాల్చడమే.

లోపలికి తిరిగిన హింస

ఇటీవల తుపాకీ మోత తగ్గినది. లొంగుబాట్లు పెరిగాయి. సంతోషమే. అయితే యువత దుఃఖం తగ్గినట్లు దానినిబట్టి అనుకోరాదు. హింస రూపం మార్చుకొని వేరు దారులు పట్టినది.

మొదటి దారి ఆత్మహత్య. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య వలన మరణించారు. వారిలో మూడో వంతుకు పైగా 18 నుంచి 30 ఏళ్ళలోపు వారు. విద్యార్థులు 13,044 మంది. లక్ష జనాభాకు దేశ సగటు 12.4 కాగా, తెలంగాణ సగటు 26.3. అనగా రెట్టింపుకన్న ఎక్కువ. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు కొద్ది రోజులలో ఇరవై మందికి పైగా విద్యార్థులను కోల్పోయాము. ఒక ఆత్మహత్యకు ఒకే కారణం ఉంటుందనుకోవడం పొరపాటు. కుంగుబాటు, మత్తు, అవమానం, అప్పు, ఒంటరితనం కలిసి ముడిపడతాయి. పరీక్ష ఆ ముడిని బిగించే చివరి దారం మాత్రమే కావచ్చు.

రెండవ దారి నేరం. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలనుంచి గంజాయి రవాణా అయ్యే మార్గాలలో భద్రాచలం ఒకటి. తెచ్చేవాడు, కొనేవాడు వేరే ఎక్కడో ఉంటారు. మోటారు సైకిలు మీద మూట పెట్టుకొని పట్టుబడేది ఉపాధి లేని కుర్రవాడు. ఇరవై కిలోలు దాటితే చట్ట ప్రకారం కనీస శిక్ష పదేళ్ళు. కిరాయి డబ్బు చూసి ఒప్పుకొన్నవానికి ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు. చిన్నవయస్సులో గంజాయి సేవనం తీవ్ర మానసిక వ్యాధికి దారితీసే ప్రమాదాన్ని పెంచుతుందన్న సంగతి కూడా చెప్పరు.

ఈ రెండింటికీ వైద్యపరంగా ఉమ్మడి మూలం ఒకటి ఉన్నది. ఆవేశాన్ని అదుపుచేసి, పర్యవసానాన్ని తూచే మెదడు ముందరి భాగం ఇరవై ఐదు ఏళ్ళ ప్రాంతం వరకు ఎదుగుతూనే ఉంటుంది. భావోద్వేగం మాత్రం అంతకుముందే పూర్తి వేగం అందుకుంటుంది. ఆ నడిమి కాలంలో కొద్ది నిమిషాల ఆవేశం ప్రాణం తీయగలదు. ఆ కొద్ది నిమిషాలు దాటించగలిగితే మనిషి తరచు బ్రతికి బయటపడతాడు.

శాంతి విద్య పనిచేస్తుందా?

పనిచేస్తుంది. ఏ రూపంలో పనిచేస్తుందో పరిశోధనలు చెప్పాయి.

ఐరోపాలోని పది దేశాలలో 168 పాఠశాలలకు చెందిన 11,110 మంది విద్యార్థులపై జరిగిన అధ్యయనం 2015లో 'లాన్సెట్' పత్రికలో వచ్చినది. నాలుగు వారాలలో ఐదు గంటలపాటు పిల్లలే పాత్రలు ధరించి, తమ కష్టాలను అభినయించి, చర్చించుకొనే కార్యక్రమం వలన ఏడాది తరువాత ఆత్మహత్యా ప్రయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. ఉపాధ్యాయులకు లక్షణాలు గుర్తించే శిక్షణ మాత్రమే ఇచ్చిన పాఠశాలల్లో అంతటి ఫలితం కనిపించలేదు.

మన దేశంలో బీహారులోని నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలల్లో జరిగిన అధ్యయనం 2018లో ప్రచురితమయినది. బడిలో ఒక సలహాదారును నియమించారు. అతడు మానసిక వైద్యుడు కాడు. శిక్షణ పొందిన సామాన్యుడు. పిల్లలు తమ సమస్యను రాసి వేయడానికి ఒక పెట్టె పెట్టి, గోడపత్రిక నడిపి, ఒంటరిగా మాట్లాడదలచినవారితో మాట్లాడాడు. బడి వాతావరణం మెరుగుపడి, కుంగుబాటు, వేధింపులు, కొట్లాటలు తగ్గాయి. అదే పనిని ఉపాధ్యాయులకు అప్పగించిన బడులలో ఆ ఫలితం రాలేదు. మార్కులు వేసే చేతికి మనసు విప్పి చెప్పడం పిల్లలకు కష్టమని ఊహించవచ్చు.

అమెరికాలోని షికాగో నగరంలో పేద వాడల కుర్రవారి కొరకు ఒక కార్యక్రమం ఉన్నది. మొదటి రోజు ఇద్దరిని జంటగా నిలిపి, ఒకరి చేతికి బంతి ఇచ్చి, ముప్పై సెకన్లలో దానిని తీసుకోమని రెండవవానికి చెబుతారు. దాదాపు అందరూ పెనుగులాడతారు. "బంతి ఇమ్మని అడగలేదేమి?" అని గురువు అడుగుతాడు. అడిగితే ఇస్తాడని తోచలేదంటారు. ఈ కార్యక్రమం సాగినంత కాలం హింసాత్మక నేరాలపై అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. తొలి అధ్యయనంలో కార్యక్రమం ముగిసిన తరువాత ఆ ఫలితం నిలవలేదు. మందు మానితే జ్వరం తిరగబెట్టినట్లే. శాంతి విద్య ఒక వారోత్సవంతో ముగిసేది కాదని దీని అర్థం.

మన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం 2005లోనే శాంతి కొరకు విద్య అన్న అంశానికి ప్రత్యేక స్థానమిచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆత్మహత్యల నివారణకు సూచించిన నాలుగు ముఖ్య చర్యలలో కౌమారులకు భావోద్వేగ, సామాజిక నైపుణ్యాలు నేర్పడం ఒకటి. 2025 జూలైలో విశాఖపట్టణంలో జరిగిన ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మానసిక ఆరోగ్య మార్గదర్శకాలు ఇచ్చినది. కావలసిన కాగితాలన్నీ ఉన్నాయి. కాగితం దుమ్ముగూడెం మండలపు ఆశ్రమ పాఠశాల గడప దాటవలసి ఉన్నది.

మనం చేయదగినవి

చరిత్ర, వైద్యం కలిపి చూస్తే ఈ ప్రాంతానికి ఐదు పనులు అవసరమని తోచుచున్నది.

మొదటిది భాష. 2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ఆరంభించినది. బాధ చెప్పుకొనే భాష తల్లి భాషే. ఆశ్రమ పాఠశాలలో పిల్లల మాట వినే వ్యక్తికి కోయ వచ్చి ఉండాలి. కోయ యువతీయువకులకే ఆ శిక్షణ ఇవ్వవచ్చు. మార్లవాయి దారి అదే.

రెండవది ఊరి పంచాయతీ. తగవులో ఇరుపక్షాలు పెద్దల ఎదుట కూర్చొని, తప్పు కట్టి, కలిసి భోజనం చేయడం ఆదివాసులకు కొత్త కాదు. 1996 నాటి పెసా చట్టం ఆ సంప్రదాయ పరిష్కార పద్ధతిని గుర్తించినది. మత్తుపదార్థాల నియంత్రణను, వడ్డీవ్యాపారంపై అదుపును కూడా గ్రామసభ చేతికి ఇచ్చినది. 1879లో కల్లు పన్ను, అప్పు జప్తు, దూరపు కోర్టు పితూరీకి కారణాలు కాగా, ఆ మూడింటినీ ఈ ఒక్క చట్టం స్పృశించడం గమనార్హం. అయితే పాత పంచాయతీలో స్త్రీ మాటకు, చిన్నవారి మాటకు విలువ తక్కువ. ఆ లోపాన్ని సవరించి, గ్రామసభలో యువతకు చోటివ్వాలి. తన మాట చెల్లుతుందని తెలిసినవాడు చేయి ఎత్తడు.

మూడవది పురుగుమందుల భద్రత. మిరప, ప్రత్తి సాగుచేసే ఇళ్ళలో ఆ మందులు చేతికందే చోట ఉంటాయి. శ్రీలంకలో 1995లో లక్షకు 47 వరకు పోయిన ఆత్మహత్యల రేటు, అత్యంత విషపూరితమైన పురుగుమందులను నిషేధించిన తరువాత పదేళ్ళలో సగానికి తగ్గినది. తమిళనాడులో రెండు గ్రామాలలో అందరి మందులనూ ఉమ్మడి కొట్టంలో తాళం వేసిన అరలలో దాచి చూశారు, మేలు కనిపించినది. రైతు సంఘం పూనుకొంటే ఈ పని రేపే చేయవచ్చు. అప్పటివరకు ప్రతి ఇంటిలో పెట్టెకు తాళం, తాళం చెవి పెద్దల వద్ద ఉండాలి.

నాలుగవది పరీక్ష ఫలితాల వారం. ఆ వారంలో ఏ పిల్లనూ, ఏ పిల్లవానినీ ఒంటరిగా వదలరాదు. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నదని ఫలితానికి ముందే చెప్పాలి. ఫలితం తరువాత చెప్పిన మాట చెవికెక్కదు. పక్కింటి పిల్లల మార్కులతో పోల్చడం ఆ వారంలోనైనా ఆపగలిగితే మంచిది.

ఐదవది మన మాట తీరు. ఆత్మహత్యకు "పాల్పడ్డాడు" అని వార్తలు రాస్తుంటాయి. పాల్పడడం నేరానికి వాడే మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటి ప్రయత్నం చేసినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి, వారికి సంరక్షణ అందించవలసిన బాధ్యతను ప్రభుత్వంపై పెట్టినది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన న్యాయసంహితలో పాత 309వ సెక్షన్ లేదు. చట్టం వదిలిన నింద మన నాలుకపై మిగలరాదు. బ్రతికి బయటపడినవారిని ఊరు వెలివేసినట్లు చూడక, వారం వారం పలుకరించాలి.

ఇంటిలో ఎవరైనా నిద్ర, తిండి మాని, మాట తగ్గించి, తమకు ఇష్టమైన వస్తువులు పంచిపెడుతూ, "నేను లేకపోతే మీకు మేలు" అన్న ధోరణిలో మాట్లాడితే తేలికగా తీసుకోకండి. చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా, మెల్లగా అడగండి. అడగడం వలన ఆ ఆలోచన పుట్టదు, దాచుకొన్న భారం దిగుతుంది. అటుపైన వారిని ఒంటరిగా వదలక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో భద్రాచలం ఏరియా ఆసుపత్రికో వెంట తీసుకొని వెళ్ళండి. ప్రభుత్వ టెలి మానస్ సహాయవాణి 14416కు పగలైనా రాత్రైనా తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. పిల్లల కొరకు 1098 ఉన్నది.

నూట యాభై ఏళ్ళ దుమ్ముగూడెం సీమ చరిత్రలో కనిపించే క్రమం ఒక్కటే. మొర ఉన్నది, విన్నవాడు లేడు, ఆపైన రక్తం చిందినది. ఒకప్పుడు ఆ రక్తం ఠాణా ముందు చిందితే నేడు ఇంటిలోపల, హాస్టలు గదిలో చిందుతున్నది. కోపం రావద్దని పిల్లలకు చెప్పడం శాంతి విద్య కాదు. కోపం వచ్చినప్పుడు ఎవరితో చెప్పుకోవాలో చూపడం, చెప్పినప్పుడు వినే మనిషిని అక్కడ ఉంచడం, విన్నదానిపై ఏదో ఒకటి చేయడం శాంతి విద్య. ఈ వ్యాసం చదివిన ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, గ్రామసభ సభ్యులు తమ బడిలో, తమ ఊరిలో పిల్లల మాట వినే ఆ ఒక్క మనిషి ఎవరో ఈ వారంలో నిర్ణయించుకొని, అతని పేరు పిల్లలకు తెలియజేయాలని నా మనవి.